రెండు చోట్లా కనిపించిన ఉత్తరం

మొన్న మంగళవారం ఉదయం పది గంటలకు మాస్టారి కూతురు ఫోన్ చేసి తండ్రి లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగింది. ఆయన పోయి అప్పటికి పదిహేడు రోజులు. పాస్‌వర్డ్ నా డైరీలో ఉంది. ఆయనే చెప్పి రాయించారు. రాశాక ఒక్కొక్క అక్షరం నా చేత తిరిగి చెప్పించుకున్నారు. మధ్యలో ఒకచోట నేను తడబడితే, "కాదు, మొదట్నించి" అన్నారు. ఎనిమిది అక్షరాల కోసం పావుగంట కూర్చోబెట్టారు.

ఆమెకు చెప్పి ఫోన్ పెట్టేశాక ఆ పుట మూయబుద్ధి కాలేదు. నలభై ఆరేళ్లుగా డైరీ రాస్తున్నాను. అందులో ఎక్కడా ఆయన పేరు లేదు. "మాస్టారు" అనే ఉంది. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

ఆయన స్టేషన్ మాస్టరు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే లైన్‌లో, కోటా అటూ ఇటూ ఉన్న చిన్న స్టేషన్లలోనే ఎక్కువకాలం పనిచేశారు. నేను బిలాస్‌పూర్ డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా దిగిపోయినవాణ్ణి. ఇక్కడి ఆఫీసుల్లో హెడ్ క్లర్కును బడే బాబూ అంటారు. ఆయనకూ నేను బడేబాబునే. ఇద్దరం విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల వాళ్లమే.

ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు బండిని వదలాలంటే ముందు ఫోన్‌లో అడగాలి. దారి ఖాళీగా ఉందని అవతలి మాస్టరు చెప్పి, రుజువుగా ఒక అంకె ఇస్తాడు. ఇవతలివాడు ఆ అంకెను తిరిగి చదివి తన రిజిస్టరులో రాసుకోవాలి. అవతలివాడూ తన రిజిస్టరులో రాసుకుంటాడు. అంకె లేకుండా ఒట్టి నోటిమాట మీద బండి కదలదు. ఉద్యోగం నుంచి దిగిపోయినా ఈ అలవాటు ఆయన ఒంట్లోంచి దిగలేదు. ఆయన ఏం చెప్పినా ఎదుటివాళ్లు తిరిగి చెప్పాలి. పాలవాడు చెప్పాలి, గ్యాస్ తెచ్చేవాడు చెప్పాలి.

పేరుకు బుధవారం సంత అయినా రోజూ ఉండే బుధవారీ బజార్లో, కూరలమ్మే ఆమె దగ్గర రోజూ ఇదే భాగోతం. ఆయన కావలసినవి చెప్పి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు.

"క్యా బోలా మైనే? బోల్ కే బతావ్."

ఆమె కళ్లు తిప్పి అప్పగించేది. "ఆధా కిలో భిండీ, ఏక్ గడ్డీ ధనియా, పావ్ భర్ మిర్చీ. ఔర్ మోర్ మూడ్ లా ఘలో లే జావ్, మాస్టర్ సాబ్." నా తలకాయ కూడా పట్టుకుపోండి అని. ఆయన నవ్వేవారు కాదు. "సహీ హై" అని కుడిచేతిని పక్కకు చాపేవారు. దాటిపోయే బండికి స్టేషన్ మాస్టరు జెండా చూపించినట్టు, చెయ్యి కదలకుండా, అరచెయ్యి కిందికి. ఏ పని సవ్యంగా జరిగినా ఆ చెయ్యి అలా లేచేది. మా అమ్మాయి పెళ్లిలో తలంబ్రాలు అయ్యేంతవరకు ఓ మూల అలాగే నిలబడ్డారు.

ఆయన భార్య ఆయనకు తగిన మనిషి. మాట పదును. "మా పెళ్లిలో పురోహితుడిచేత మంత్రాలు రెండోసారి చెప్పించేరు ఈయన. ముహూర్తం దాటిపోనాది" అని అందరి ముందూ అనేది. ఇక్కడి తెలుగువాళ్ల మహిళా మండలి పనులన్నీ ఆవిడవే. వాళ్లింట్లో ఒక పాత కంప్యూటరు, అందులో ఎప్పటిదో తెలుగు టైపింగ్ ప్రోగ్రాం ఉండేవి. పూజల ఆహ్వానాలు, చీటీలు అన్నీ ఆవిడే కొట్టేది.

ఒక్కగానొక్క కూతురు బెల్తరాలో టీచరు. తనతో పనిచేసే అక్కడి హిందీ కుర్రాణ్ణే పెళ్లి చేసుకుంది. తల్లి ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడలేదు. ఆరేళ్లు. మాస్టారు ఆదివారం ఆదివారం బెల్తరా వెళ్లి చూసి వచ్చేవారు. ఇంటికొచ్చి చూసిందంతా చెప్తే ఆవిడ వినేది. వినలేదన్నట్టు బియ్యం ఏరుకునేది.

ఆ తరవాత ఆవిడ గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేశారు. కూతురు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ఒకసారి చూసి గోడవైపు తిరిగిపోయింది. అప్పుడు నేను వార్డు బయట బెంచీ మీద ఉన్నాను. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.

"అంకుల్, అమ్మ మాట్లాడలేక మాట్లాడలేదా? యా ఫిర్, మాట్లాడకూడదనా?"

ఆ ప్రశ్నను ఆ రోజు పుటలో రాసుకున్నాను.

ఇంటికొచ్చాక పాత కంప్యూటర్ని ముందుగదిలోకి మార్చారు. ఆవిడ మాట్లాడాలనుకున్నది తెలుగులో కొట్టేది. మాస్టారు తెరమీద చూసి పైకి చదివి, ఆ తరవాత జవాబు చెప్పేవారు. "కాఫీలో పంచదార ఎక్కువైంది. అచ్ఛా. రేపు తగ్గిస్తాను." అలా ఆవిడ మాటలన్నీ ఆ ఇంట్లో ఆయన గొంతుతో వినపడేవి. ఒక సాయంత్రం నేనుండగానే ఆవిడ కొట్టింది: "నేను రాసింది నాకే చదివి వినిపించకండి. గొంతు పోయింది గాని చెవులు పోలేదు." ఆయన దాన్నీ పైకి చదివారు. చదివి "అచ్ఛా" అన్నారు. ఆవిడ శబ్దం లేకుండా, భుజాలు కదిలేటట్టు నవ్వింది.

పోవడానికి రెండు నెలల ముందు ఆవిడ ఇంకో మాట కొట్టింది. అది ఆయనే నాకు చెప్పారు, అక్షరం పొల్లుపోకుండా.

"పిల్లకి ఒకటి రాసి పెట్టేను. మీరు చదవకండి. ఇంకెవరిచేతా చదివించకండి. అది అడిగితేనే ఇవ్వండి. దానికి తెలుగు చదవడం రాదు. హిందీ అక్షరాల్లోకి మార్చి ఇవ్వండి."

"మార్చాలంటే చదవాలి కదా మాస్టారూ" అన్నాను.

"ఎంచేత చదవాలి? గూడ్సు బండి పంపించీముందు డబ్బాలు విప్పి, లోపల ఏటుందో చూసి పంపుతాడేటి మాస్టరు? సీలు చూస్తాడు, పంపిస్తాడు."

ఆవిడ పోయింది. కూతురు కర్మలకు వచ్చి, పనులన్నీ చేసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. ఆయన తనంతట చెప్పలేదు. అడిగితేనే అంది కదా ఆవిడ. రెండేళ్లు ఆగారు. పోయిన చలికాలంలో ఒకరోజు కూతురు ఫోన్లో ఏదో మాట్లాడుతూ, "నాన్నా, అమ్మ ఎప్పుడైనా నా గురించి ఏమైనా అందా?" అని అడిగింది. ఆయన వెంటనే నా దగ్గరికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "అడిగిందండీ బాబూ, పిల్ల అడిగింది" అన్నారు. చెయ్యి పక్కకు చాపి అలాగే ఉన్నారు. మా ఆవిడ లోపల్నుంచి చూసి, ఏ బండి వస్తోంది అని అడిగింది.

కాని పాత కంప్యూటరు అప్పటికే మూలుగుతోంది. వ్యాపార్ విహార్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతను ఒకడున్నాడు. అతను పాత డిస్కులో ఉన్నదంతా ఒక పెద్ద ఫైలుగా మార్చి కొత్త లాప్‌టాప్‌లో పెట్టాడు. వర్చువల్ మెషిన్ అన్నాడు. కొత్త తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలో పాత కంప్యూటరు తన పాత రంగులతో, తన తెలుగు ప్రోగ్రాంతో సహా నడుస్తూ ఉంటుంది. ఇంకో కంప్యూటరు కడుపులో ఉన్నానని దానికి తెలియదు. మాస్టారు ఒక్క నిమిషంలో గ్రహించారు. "లోపలి స్టేషను. బయటి స్టేషను. అంతే కదా?" పాత డిస్కు చెడిపోయిందని అతను తుక్కులో వేసేశాడు.

తెలుగును హిందీ అక్షరాల్లోకి మార్చే పేజీ బయట ఉంది. మాటలు లోపల ఉన్నాయి. లోపల కాపీ చేసింది బయట పేస్ట్ కావాలంటే రెంటికీ మధ్య తలుపు తెరవాలి. తెరవకపోవచ్చు, ఒకవైపే తెరవచ్చు, రెండువైపులా తెరవచ్చు. ఆయన లోపల్నుంచి బయటికి మాత్రమే తెరిపించారు. "సింగిల్ లైను బడేబాబూ. ఎదురుబండి రాకూడదు." కొత్తది కాపీ చేస్తే ముందు కాపీ చేసింది చెరిగిపోతుందని తెలిసి ఇంకా సంతోషపడ్డారు. ఒక సెక్షన్లో ఒకే బండి ఉండాలన్నది ఈ డబ్బాకి కూడా తెలుసు అన్నారు.

ఉత్తరం జోలికి వెంటనే వెళ్లలేదు. ముందు సాధన చెయ్యాలన్నారు. మహిళా మండలి పాత ఆహ్వానాలతో పద్నాలుగు రోజులు చేశాం. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవారు. నేను పక్క స్టేషను. ఆయన లోపల ఒక వాక్యం కాపీ చేసి, "లైన్ క్లియర్?" అనేవారు. నేను ఏదో ఒక అంకె చెప్పాలి. ఆయన తిరిగి చదివి రాసుకుని అప్పుడు బయట పేస్ట్ కొట్టేవారు. పాత ప్రోగ్రాం అక్షరాలు బయటికి రాగానే పిచ్చి గుర్తులైపోయేవి. వాటిని పేజీలో వేస్తే హిందీ అక్షరాలు వచ్చేవి. నేను చదివి చెప్పేవాణ్ణి. "భక్తులందరూ సకుటుంబంగా విచ్చేసి ప్రసాదం స్వీకరించవలెను." తప్పు లేదు. చెయ్యి లేచేది.

పదిహేనో రోజు ఒక చిక్కు కనిపెట్టారు. "ఉత్తరం కాపీ చెయ్యాలంటే ముందు తెరవాలి కదండీ? తెరిస్తే కంట పడిపోతాది. కళ్లు మూసుకుని ఎలాగ కాపీ కొడతాను?" దుకాణం అతన్ని ఫోన్లో అడిగారు. ఫైలును తెరవనక్కర్లేకుండానే పంపవచ్చు అన్నాడతను. రెండు కంప్యూటర్లూ చూడగలిగే ఫోల్డరు ఒకటి పెట్టి ఇచ్చాను, లోపల్నుంచి అందులో పడేస్తే బయట దొరుకుతుంది, అక్కణ్ణుంచి ఫైలు ఫైలుగానే ఆ పేజీలో వేసుకోవచ్చు అన్నాడు. మాస్టారు మూడుసార్లు తిరిగి చెప్పి రాసుకున్నారు.

ఆదివారం కూతుర్ని రమ్మన్నారు. గురువారం నాకు పంటి డాక్టరు దగ్గర పని పడింది. శుక్రవారం చేద్దాం అన్నాను. ఆయన ఆగలేదు.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు మా ఇంటికి వచ్చారు. కాళ్లకు చెప్పుల్లేవు. వాళ్లింటి నుంచి మా వీధికి కిలోమీటరు పైమాటే.

"బడేబాబూ, ఒకసారి రండి. ఫైలు కనబడ్డం లేదు."

వెళ్లాను. ఆయన చేసింది ఇది. లోపలి స్టేషన్లో ఉత్తరాన్ని తెరవకుండా కట్ చేసి ఆ ఫోల్డరులో పెట్టారు. కాపీ చెయ్యలేదు. పంపిన బండి పంపినచోట ఉండకూడదు కదా. బయటికి వచ్చి చూశారు, ఫైలు ఉంది. చెయ్యి చాపి నిలబడ్డారట, ఒక్కరే, ఆ గదిలో. ఆ తరవాత లోపలికి వెళ్లి చూశారు. అక్కడ ఫోల్డరులోనూ ఉంది.

ఆయన ఉద్యోగమంతా ఒకే బండిని రెండు పుస్తకాల్లో రాయడం. ఈ స్టేషన్ రిజిస్టరు ఈ స్టేషనుది, ఆ స్టేషన్ రిజిస్టరు ఆ స్టేషనుది. వానకు ఒకటి తడిసిపోయినా రెండోది ఉంటుంది. రెండుచోట్ల కనిపించింది కాబట్టి రెండు ఉన్నాయనుకున్నారు. ఇంకెవరూ చదవకూడదంది కదా ఆవిడ. ఒకటి మిగిలిపోతే ఎవరి కంటైనా పడుతుందని లోపలిది తీసెయ్యబోయారు. శాశ్వతంగా తీసెయ్యమంటావా అని కంప్యూటరు ఇంగ్లీషులో అడిగింది. ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు. అవును అని నొక్కారు.

అవి రెండు కావు. ఒకే గదికి రెండు కిటికీలు.

"ఇంకోసారి చూడండి" అన్నాను నేను. తెలిసీ తెలియక అన్నాను. "అలాంటిదే ఇంకో ఫైలు పెట్టి చూడండి, ఎక్కడికి పోతుందో తెలుస్తుంది." ఆయన పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు. లోపల పెట్టారు, బయట పెట్టారు. ఏం తోచక బయట హిందీ అక్షరాల పేజీలో పేస్ట్ కొట్టారు. పద్నాలుగు రోజుల సాధనలో చివర కాపీ చేసిన వాక్యమే బయట చెరగకుండా ఉండిపోయి, వచ్చింది. భక్తులందరూ సకుటుంబంగా విచ్చేసి. మళ్లీ కొట్టారు. సకుటుంబంగా విచ్చేసి. తెర నిండిపోయేదాకా అదే కొట్టారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఆపవలసి వచ్చింది.

మర్నాడు దుకాణం అతను లాప్‌టాప్ మూడు గంటలు తిరగేశాడు. బయట ఫైలు పేరు దొరికింది, ఆ ఫైల్లో ఒక్క అక్షరం లేదు. పాత డిస్కును మార్చి పెట్టిన ఆ పెద్ద ఫైల్లో కూడా వెతికాడు. ఆ ఉత్తరం ఉన్న చోటనే తరవాత ఇంకేవో రాసుకుపోయాయి అన్నాడు.

"పోగానే ఆపేసి తెచ్చుంటే వచ్చేది, సర్. దాని తరవాత చాలా ఫైళ్లు పెట్టారు మీరు. కిస్‌నే బోలా ఆప్‌కో?"

ఎవరు చెప్పారు మీకు అని అడిగాడు. మాస్టారు నావైపు చూడలేదు. "మైనే ఖుద్ కియా" అన్నారు. నేనే చేశాను అని. ఆ మాటకు నేను ఈ జన్మలో బదులు తీర్చలేను.

ఆటోలో ఇంటికి వచ్చాం. దిగాక గేటు పట్టుకుని అన్నారు. "చదివేసుంటే బాగుణ్ణు. దొంగతనంగా ఒక్క లైను. ఒక్క లైను చదివుంటే ఇప్పుడు చెప్పుదును. ఎంత ఎదవ మాట నిలబెట్టుకున్నానండీ నేను."

శనివారం పొద్దున్నే మళ్లీ వచ్చారు. ఉత్తరం రాసి పెట్టేనని ఆవిడ ఆయనకు చెప్పిన రోజునే నేను వాళ్లింటికి వెళ్లానని ఆయనకు గుర్తుంది. డైరీ తీయమన్నారు. తీశాను. చదవమన్నారు.

"నాలుగూ పదికి వెళ్లాను. మాస్టారు గ్యాసు ఆఫీసుకు వెళ్లారట. ఆవిడ కంప్యూటరు ముందు. నన్ను చూసి తెరమీద తువ్వాలు కప్పింది. కూర్చోమని సైగ. పేపరు చదువుకున్నాను. ఆవిడ తువ్వాలు పక్కకు లాగి కొడుతూనే ఉంది. ఒకసారి నవ్వింది. ఒకసారి లేచి మంచినీళ్లు తాగింది. అయిదూ యాభైకి ఆపింది."

"ఇంకా?"

"అంతే మాస్టారూ."

"నవ్వడం ముందా, నీళ్లు ముందా?"

"నవ్వడం ముందు."

మళ్లీ చదవమన్నారు. మూడుసార్లు చదివాను. పెదవులతో నా వెనకే చెప్పుకుంటూ విన్నారు. అప్పుడు నేను అనకూడనిది అన్నాను.

"పిల్ల రేపు వస్తుంది. ఏదో ఒకటి చెప్పండి. అమ్మ క్షమించానని రాసిందని చెప్పండి. మీకు తెలియకుండా ఉంటుందా ఆవిడ మనసు?"

ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "చూడని సిగ్నలు చూసేనని చెప్పమంటారేటి? పచ్చ అని చెప్పీమంటారా? ఎర్ర అయితేనో?" లోపల్నుంచి మా ఆవిడ బయటికి వచ్చింది. ఆయన తగ్గలేదు. "ఆరేళ్లు కలిసి బతికేను ఆ కోపంతో. ఒక్కరోజు కూడా దాని రంగు నాకు తెలవలేదు. ఇప్పుడు నేను చెప్పీడానికి ఏటున్నాది?"

ఆదివారం నేనూ వెళ్లాను. ఆయనే రమ్మన్నారు, సాక్ష్యానికి. కూతురు కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతిలో స్వీట్ల పెట్టె. ఆయన నిలబడే చెప్పారు, పై అధికారికి చెప్పినట్టు, వరసగా, ఏదీ దాచకుండా. ఆమె వింటూ పెట్టెను బల్లమీద పెట్టింది.

"చదివేశారు. బాగాలేదు. తీసేశారు. అంతే కదా నాన్నా?"

"లేదమ్మా."

"రెండు చోట్లా ఒకేసారి ఎలా పోతుంది? స్కూల్లో కంప్యూటరు పనంతా నేనే చేస్తాను. ముఝే పాగల్ సమఝా హై?"

"లేదమ్మా. రెండు అనుకున్నాను. ఒకటే."

"నేను బాధపడతానని తీసేశారు. సరే. కనీసం అదైనా చెప్పండి. చదివి తీసేశానని చెప్పండి, నాకు చాలు."

అది ఒప్పుకుంటే ఆ పిల్లకు శాంతి. ఆయన ఒప్పుకోలేదు. "చదవలేదమ్మా" అన్నారు. డైరీలో ఉన్నది చెప్పారు, గంటలతో సహా. ఒకసారి నవ్విందని రెండుసార్లు చెప్పారు.

"అమ్మ తిట్టే ముందు కూడా నవ్వేది నాన్నా" అందామె.

స్వీట్ల పెట్టె బల్లమీదే వదిలి వెళ్లిపోయింది. ఆయన దాన్ని విప్పలేదు. చీమలు పట్టాక మా ఆవిడ తీసి పారేసింది.

తరవాత ఆయన అయిదు నెలలు బతికారు. బెల్తరా రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ అల్లుడే మర్యాదగా టీ ఇచ్చి, ఆమెకు పరీక్షల డ్యూటీ అని చెప్పాడు. రోజూ ఉదయం తొమ్మిదికి లాప్‌టాప్ తెరిచేవారు. లోపలి ఫోల్డరు చూసేవారు, బయటి ఫోల్డరు చూసేవారు. సాధనకు పెట్టుకున్న పుస్తకంలో రెండు గడుల్లోనూ "లేదు" అని రాసి మూసేవారు. ఒకరోజు బజార్లో ఆయనతో ఉన్నాను. కూరలు చెప్పి, సంచి పట్టుకుని నడవబోయారు. కూరలామె వెనకనుంచి పిలిచింది. పిలిచి తనే మొత్తం అప్పగించింది, భిండీ నుంచి మిర్చీ దాకా. "సహీ హై న, మాస్టర్ సాబ్?" ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఈయనకేమైందని ఆమె నన్ను అడిగింది. నేను ఆయన వెనకే నడిచాను.

జబ్బు ఏమీ లేదు. ఒక ఉదయం కుర్చీలోనే పోయారు.

మంగళవారం పాస్‌వర్డ్ తీసుకున్న మనిషి బుధవారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. లోపలిది ఎలా తెరవాలో తెలియలేదట. చూపించాను. కిటికీలో పాత కంప్యూటరు లేచింది. ఆమె చిన్నప్పుడు ఆడుకున్నది అదే. కాసేపు దాన్నే చూసింది.

"ఆ ఫోల్డరు ఏది అంకుల్?"

చూపించాను. లోపలా ఖాళీ, బయటా ఖాళీ. ఆమె లోపల ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టింది. బయటికి వచ్చి చూసింది. ఉంది. లోపలికి వెళ్లి చూసింది. ఉంది.

"దో హై" అంది. తరవాత నావైపు తిరిగి తెలుగులో అంది. "రెండు ఉన్నాయి కదా అంకుల్."

ఆమె లోపలిది నొక్కి తీసేసింది. బయట చూసింది. అక్కడా పోయింది. ఇంకో ఫైలు పెట్టి, ఈసారి బయట తీసి లోపల చూసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. నాలుగోసారి చెయ్యి దానంతట అదే ఆగిపోయింది.

"నేనూ రెండే అనుకున్నాను" అంది. "తెలిసి కూడా. ఇప్పుడు. నేనూ."

మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ఆమె ముట్టుకోలేదు. తన ఫోన్ తీసి, ఏదో వెతికి, తెర నావైపు తిప్పింది.

"అంకుల్, నాన్న పోయే ముందురోజు సాయంత్రం. మీ నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నేను క్లాసులో లేను. ఇంట్లోనే ఉన్నాను. చూశాను, ఎత్తలేదు." ఆమె ఫోన్‌ను బల్లమీద పెట్టింది. "అవి మీరు చేశారా? నాన్న చేశారా?"

ఆ పుట నేను చూడనక్కర్లేదు. అయిదుంపావుకు మాస్టారు వచ్చారు. తన ఫోన్ నుంచి చేస్తే ఎత్తడం లేదు, మీది ఒకసారి ఇవ్వండి అన్నారు. ఇచ్చాను. మా వరండాలో నిలబడి మూడుసార్లు చేశారు. ఫోన్ తిరిగి ఇస్తూ, బిజీగా ఉన్నట్టున్నాది అన్నారు. డైరీలో అంతా ఉంది.

"నేనేనమ్మా" అన్నాను. "మన తెలుగు సంఘం మీటింగు గురించి."

ఆమె తల ఊపింది. ఏ మీటింగు అని అడగలేదు. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని లేచింది. గేటు దాకా వెళ్లి సాగనంపాను. ఆ రోజు పుటలో ఆమె వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాశాను. మధ్యలో నేనన్న మాట రాయలేదు.